హైదరాబాద్‌లో స్వతంత్ర బ్యాండ్లకు శ్రోతలను కూడగట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత పాటలు కట్టుకుని పాడే బ్యాండ్ల సభ్యులు, వారి కోసం చిన్న చిన్న ప్రదర్శనలు ఏర్పాటు చేసే మిత్రులు, వాటికి వచ్చే శ్రోతలు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. చట్టాలు, పన్నుల నిబంధనలు మారుతుంటాయి కనుక పెద్ద ప్రదర్శన తలపెట్టినప్పుడు ఒకసారి ఆడిటర్‌నో న్యాయవాదినో అడిగి చూసుకోవాలి.

స్వతంత్ర బ్యాండ్ అని ఎవరిని అంటున్నారు?

తమ పాటలను తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, రికార్డింగ్ ఖర్చు తామే భరించి, ఆ పాటల మీద హక్కును తమ దగ్గరే ఉంచుకున్న బృందాన్ని అంటున్నాము. ఆ పాట తెలుగులో ఉన్నా, దక్కనీలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా తేడా లేదు. పెళ్లిళ్లలోనూ కంపెనీల వేడుకల్లోనూ సినిమా పాటలు వాయించే బృందాల పట్ల మాకు చిన్నచూపు ఏమీ లేదు. ఎన్నో బ్యాండ్లకు స్టూడియో అద్దె ఆ సంపాదనలోంచే వస్తుంది. అయితే ఇక్కడ చర్చిస్తున్నది సొంత పాట శ్రోతను ఎలా చేరుతుందన్న విషయం.

సినిమా పాట ఇంత బలంగా ఉన్న ఊళ్లో వేరే పాట ఎవరు వింటారు?

ఈ ప్రశ్న వెనుక ఉన్న నిరాశ మాకు అర్థమవుతుంది. హైదరాబాద్‌లో స్టూడియోలు, వాయిద్యకారులు, సౌండ్ ఇంజనీర్లు, ఎఫ్ఎం రేడియోలు, ఆడియో కంపెనీలు అన్నీ సినిమా చుట్టూనే తిరుగుతాయి. ఒక మంచి గిటారిస్టు పేరు తెచ్చుకోగానే అతనికి సినిమా సెషన్ల నుంచి పిలుపు వస్తుంది, ఆ తర్వాత బ్యాండ్ రిహార్సల్‌కు తేదీ కుదరదు. అయినా తెలుగువారు సినిమా పాట తప్ప మరొకటి వినరన్న మాటకు చరిత్రలో ఆధారం లేదు. ఆకాశవాణి దశాబ్దాల పాటు లలిత గీతాలను ఇంటింటికీ చేర్చింది. 1970ల ఆరంభంలో మొదలైన జన నాట్య మండలి పాటలు ఏ రికార్డు కంపెనీ అండా లేకుండా గొంతు నుంచి గొంతుకు పాకాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం సభలకు జనం పాట కోసమే తరలివచ్చారు. ఇవాళ యూట్యూబ్‌లో తెలంగాణ జానపద పాటల చానళ్లను చూసినా, సినిమాతో సంబంధం లేని పాటలకు కోట్లలో వీక్షణలు కనిపిస్తాయి. జానపద బాణీని రెగ్గే లయతో కలిపిన చౌరస్తా బ్యాండ్ ఈ ఊళ్లోనే పుట్టి, తెలుగు జిల్లాలన్నిటా వినిపించింది.

కనుక శ్రోతలు లేరనలేము. ఆ శ్రోత మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునే చోటు, వచ్చే అలవాటు రెండూ ఇక్కడ బలపడలేదు. ప్రచారం అంటే ఆ అలవాటును పెంచడమేనని మా అభిప్రాయం. ఒక పాటను లక్ష మంది పైపైన దాటిపోవడం కన్నా, ఇదే ఊళ్లో 200 మంది ఆ బ్యాండ్ పేరు చూసి సాయంత్రం ఖాళీ చేసుకుని రావడం ఎక్కువ విలువైనది. కింది సమాధానాలన్నీ ఈ ఉద్దేశంతోనే రాశాము.

కొత్త బ్యాండ్ మొట్టమొదట ఎక్కడ వాయించాలి?

బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ ఇప్పటికీ మొదటి మెట్టుగా మంచి చోటు. ఆరుబయట వేదిక, తక్కువ ధరకే చాయ్ సమోసా దొరికే క్యాంటీన్, విద్యార్థులూ నాటకాల వాళ్లూ కుటుంబాలూ కలిసి కూర్చునే వాతావరణం ఉండడం వల్ల కొత్త పాటను ఓపికగా వినేవారు అక్కడ దొరుకుతారు. గోథె జెంత్రుమ్, అలియాన్స్ ఫ్రాన్సేజ్ వంటి సాంస్కృతిక కేంద్రాలు కూడా సంగీత కార్యక్రమాలు జరుపుతుంటాయి. జూన్ 21న వచ్చే ప్రపంచ సంగీత దినోత్సవం 1982లో ఫ్రాన్స్‌లో మొదలైనది కనుక అలియాన్స్ ఫ్రాన్సేజ్ దానిని ప్రత్యేకంగా జరుపుకుంటుంది. ఆ రోజు కోసం ఏప్రిల్ నుంచే సంప్రదించడం మంచిది.

కాలేజీ ఉత్సవాలను తేలికగా తీసుకోవద్దు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సుకూన్, ఐఐటీ హైదరాబాద్‌లో ఎలాన్, బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో పెర్ల్, ట్రిపుల్ ఐటీలో ఫెలిసిటీ జరుగుతాయి. వీటిలో చాలా చోట్ల బ్యాండ్ల పోటీలు ఉంటాయి. పోటీలో గెలవడం కన్నా, ఆ క్యాంపస్‌లో మీ పాట నచ్చిన పది మందితో పరిచయం నిలుపుకోవడం ముఖ్యం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు బ్రూవరీలు డబ్బు బాగానే ఇస్తాయి కానీ, అక్కడ బల్లల దగ్గర మాటలు, టీవీలో క్రికెట్ మ్యాచ్ మధ్య కొత్త పాట మునిగిపోతుంది. మొదటి ఏడాది సొంత పాటలకు ఆ వేదికలను ఎంచుకోకపోవడమే మేలు.

వేదిక నిర్వాహకులకు ఏమని రాయాలి?

క్లుప్తంగా రాయాలి. వాళ్లకు రోజూ ఇలాంటి సందేశాలు చాలా వస్తాయి. ‘మేము నలుగురం, తెలుగులో పాడతాము, మా సొంత పాటలు తొమ్మిది ఉన్నాయి, ప్రదర్శన 50 నిమిషాలు, డ్రమ్స్, బేస్, ఒక ఎలక్ట్రిక్ గిటార్, రెండు గొంతులు. కిందటి నెల ఫలానా చోట వాయించాము, 60 మంది వచ్చారు. ప్రేక్షకుల మధ్య నుంచి తీసిన వీడియో లింకు ఇది. మార్చి రెండో వారంలో ఏ గురువారమైనా మాకు వీలవుతుంది’ అని రాస్తే అవతలివారు రెండు నిమిషాల్లో నిర్ణయం తీసుకోగలరు. స్టూడియోలో తీసిన మెరుగుల వీడియో ఒక్కటే పంపితే వాళ్లకు పనికిరాదు. జనం ముందు మీరు ఎలా వినిపిస్తారో, వచ్చినవాళ్లు ఆఖరి దాకా కూర్చున్నారో లేదో వాళ్లు చూడాలనుకుంటారు.

జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. అంతకుముందే ఒక సాయంత్రం అదే వేదికకు వెళ్లి, టికెట్ కొని, వేరే బ్యాండ్‌ను విని వస్తే మీ మాటకు విలువ పెరుగుతుంది.

సినిమా పాటల కవర్లు, అంటే ఇప్పటికే వచ్చిన పాటలను మళ్లీ మనం వాయించడం, పెట్టుకోవాలా వద్దా?

గంట ప్రదర్శనలో ఒకటి రెండు వాయించవచ్చు, అంతకు మించితే జనం మిమ్మల్ని ఆ పాటలతోనే గుర్తుపెట్టుకుంటారు. వాయించేది కూడా మీ పద్ధతిలోకి మార్చుకుని, కార్యక్రమం మధ్యలో వాయించండి. మొదటి పాటా చివరి పాటా మీవే కావాలి.

మా పాటలు బాగున్నాయని అంటారు కానీ ప్రదర్శనలో జనం నిలవడం లేదు. ఎందుకు?

చాలాసార్లు కారణం సౌండ్. సినిమా పాట వాయించినప్పుడు మాటలు అస్పష్టంగా వినిపించినా శ్రోత తనకు ముందే తెలిసిన సాహిత్యంతో ఆ ఖాళీలను పూరించుకుంటాడు. మీ పాటకు ఆ వెసులుబాటు లేదు, అతను దానిని జీవితంలో మొదటిసారి వింటున్నాడు. మాట తెలియకపోతే రెండో చరణానికే ఫోన్ తీస్తాడు. కాబట్టి ప్రదర్శనకు ముందు చేసుకునే సౌండ్ చెక్‌లో మిగతా అన్నిటికన్నా ముందు గొంతుకు చోటు చేయాలి.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. గేట్లు తెరవడానికి రెండు గంటల ముందు చేరుకుని, ముందుగా డ్రమ్స్, ఆ తర్వాత బేస్, గిటార్ చూసుకోండి. గిటార్ ఆంప్‌ను (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెను) వాయించేవాడి మడమల వైపు కాకుండా అతని చెవి వైపు వంచి పెడితే, తనకు వినిపించడం లేదని వాల్యూమ్ పెంచే అవసరం ఉండదు. మిక్సర్‌లో గిటార్ దిగువ ఫ్రీక్వెన్సీలను తగ్గిస్తే బేస్, గొంతు రెండూ తేటపడతాయి. ఆ తర్వాత మీ పాటలు ఎన్నడూ వినని ఒక వ్యక్తిని చివరి వరుసలో నిలబెట్టి ఒక చరణం పాడి, ఆ చరణాన్ని తిరిగి చెప్పమని అడగండి. అతను చెప్పలేకపోతే వాయిద్యాలను తగ్గించండి కానీ గొంతును పెంచకండి. పెంచుకుంటూ పోతే మైక్ కీచుమంటుంది. ఖాళీ హాల్లో గోడల నుంచి శబ్దం తిరిగి కొడుతుంది, జనం నిండాక అది కొంత తగ్గుతుంది. అందువల్ల మొదటి పాట కాగానే మరోసారి సరిచూసుకోవడానికి సౌండ్ ఇంజనీర్‌తో ముందే అనుకుని ఉండాలి.

సాహిత్యాన్ని తెలుగు లిపిలో ఒక కాగితం మీద అచ్చువేసి కుర్చీల్లో పెట్టడం కూడా బాగా పనిచేస్తుంది. చాలామంది దానిని ఇంటికి పట్టుకెళతారు.

డబ్బు విషయం ఎలా మాట్లాడుకోవాలి?

ముందుగా, రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. వాట్సాప్ సందేశమైనా చాలు. ఇది మొహమాటపడే విషయం కాదు. మన దగ్గర ఎన్నో బ్యాండ్లు విడిపోవడానికి సంగీతంలో అభిప్రాయ భేదాల కన్నా, ఎవరికి ఎంత వచ్చిందో తేలకపోవడమే ఎక్కువగా కారణమవుతోంది.

సాధారణంగా మూడు పద్ధతులు ఉన్నాయి: నిర్ణీత పారితోషికం, టికెట్ల రాబడిలో వాటా, లేదా కొంత హామీ మొత్తం, దాని మీద వాటా. కొత్త బ్యాండ్‌కు రెండో పద్ధతే ఎక్కువగా ఎదురవుతుంది. ఉదాహరణకు 300 రూపాయల టికెట్లు 80 అమ్ముడైతే 24,000 వస్తాయి. సౌండ్, పోస్టర్ ఖర్చులు 7,000 పోగా 17,000 మిగిలితే, 70 శాతం లెక్కన బ్యాండ్‌కు 11,900, నిర్వాహకులకు 5,100. ఇక్కడ అసలు చిక్కు ఆ 7,000 దగ్గర వస్తుంది. ఏ ఖర్చులు తీసివేస్తారో, వాటికి రసీదులు చూపిస్తారో లేదో ప్రదర్శనకు ముందే తేల్చుకోకపోతే ఆ రాత్రి గొడవ తప్పదు. లెక్కను కూడా ఆ రాత్రే, అందరి ఎదుట ముగించాలి.

డబ్బు ఇవ్వము, మీకు పేరు వస్తుంది అని పిలిచేవారికి ఏం చెప్పాలన్నది చాలామంది అడుగుతారు. ఉచిత ప్రవేశం ఉన్న సాంస్కృతిక కార్యక్రమమైతే, ఎవరూ లాభం తీసుకోకపోతే, సంతోషంగా వెళ్లండి. తిండీ మద్యం అమ్మే చోట, స్పాన్సర్ల బ్యానర్లు కట్టిన చోట ఉచితంగా వాయించవద్దు. మీరు ఒప్పుకుంటే మీ తర్వాత వచ్చే బ్యాండ్‌ను కూడా అలాగే అడుగుతారు. ఇక టికెట్లు మీరే కొని అమ్ముకోండనే పద్ధతిని మేము పూర్తిగా వ్యతిరేకిస్తాము.

టికెట్ మీద జీఎస్టీ కట్టాలా?

సంగీత ప్రదర్శనకు ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే మినహాయింపు ఉంది. దాటితే 18 శాతం పన్ను పడుతుంది. సేవల ద్వారా ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటినప్పుడు జీఎస్టీ నమోదు తప్పనిసరి అవుతుంది. చిన్న ప్రదర్శనల టికెట్లు ఎక్కువగా 499 దగ్గర ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

పోలీసు అనుమతి, సమయం విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడరాదు. మూసివున్న ఆడిటోరియాలకు మినహాయింపు ఉంది. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. వేదిక యజమానికి శాశ్వత అనుమతులు ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. లేనట్లయితే స్థానిక పోలీసుల అనుమతి కోసం వారాల ముందే దరఖాస్తు చేయాలి.

సమయపాలన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడింటికని వేసి ఎనిమిదింపావుకు మొదలుపెట్టడం ఇక్కడ అందరూ చేసే పనే, కానీ నష్టపోయేది స్వతంత్ర బ్యాండే. ఎల్బీనగర్ నుంచో మియాపూర్ నుంచో వచ్చిన శ్రోత చివరి మెట్రో అందుకోవాలి. హాస్టల్లో ఉండే అమ్మాయిలు గేటు మూసేలోపు చేరాలి. ఆలస్యమైతే వీళ్లు సగంలో లేచిపోతారు, మరోసారి రారు. చెప్పిన వేళకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించే బ్యాండ్‌కు శ్రోతలు నమ్మకంగా వస్తారు.

ప్రచారం ఎంత ముందు మొదలుపెట్టాలి? రీల్స్ చాలవా?

చిన్న ప్రదర్శనకు మూడు వారాలు సరిపోతాయి. తేదీ, సమయం, చోటు, టికెట్ ధర పోస్టర్ మీద ఫోన్ తెరలో కూడా చదవగలిగేంత పెద్దగా ఉండాలి. తెలుగులో పాడే బ్యాండ్ పోస్టర్ మీద తెలుగు అక్షరం ఉండాలని మేము గట్టిగా కోరుతాము, ఆ అక్షరాన్ని చూసే ఆగే శ్రోతలు ఉన్నారు. రీల్స్ కొత్తవారికి మీ ముఖం చూపిస్తాయి, కానీ అల్గారిథమ్ వాటిని హైదరాబాద్ వారికే చూపించాలన్న నియమం లేదు. రెండు లక్షల వీక్షణలు వచ్చిన రీల్ తర్వాత ప్రదర్శనకు ఇరవై మంది వచ్చిన సందర్భాలు చూశాము.

అందుకే ప్రతి ప్రదర్శనలోనూ తలుపు దగ్గర ఒక బల్ల వేసి, వచ్చినవారి పేరు, వాట్సాప్ నంబరు వారి ఇష్టంతోనే రాయించుకోండి. నెలకు ఒకటి రెండు సందేశాలకు మించి పంపకండి. తర్వాతి ప్రదర్శనకు ఆ జాబితాయే అన్ని ప్రకటనల కన్నా ఎక్కువ మందిని తెస్తుంది. ప్రదర్శన ముగిశాక బ్యాండ్ సభ్యులు వెంటనే వైర్లు చుట్టుకుని గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లిపోకుండా, ఇద్దరు బయటికొచ్చి శ్రోతలతో మాట్లాడడం కూడా ఇందులో భాగమే.

వీక్షణలు, ఫాలోవర్లు కొనుక్కోవచ్చా?

వద్దు. పాట విన్న లెక్కను కృత్రిమంగా పెంచారని స్ట్రీమింగ్ సంస్థలు గుర్తిస్తే పాటనే తొలగిస్తాయి. వేదిక నిర్వాహకులు కూడా ఆ సంఖ్యను నమ్మి పెద్ద హాలు ఇచ్చి, ఖాళీ కుర్చీలు చూశాక మళ్లీ పిలవరు.

పాటను స్ట్రీమింగ్ వేదికలకు ఎలా చేర్చాలి?

స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ వంటి వాటికి బ్యాండ్ నేరుగా పాట ఇవ్వలేదు. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్, సీడీ బేబీ వంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లాలి. ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంకేతం ఉంటుంది, దానిని డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు పాత సంకేతాన్నే కొనసాగిస్తేనే అంతకుముందు ఎన్నిసార్లు విన్నారన్న లెక్క నిలుస్తుంది. విడుదలకు కనీసం మూడు నాలుగు వారాల ముందే పాట అప్‌లోడ్ చేయండి. స్పాటిఫై ఎడిటర్లకు పాటను పరిచయం చేసే అవకాశం విడుదలకు ముందే ఉంటుంది. కనీసం ఏడు రోజుల ముందు పంపితే మీ ఫాలోవర్ల కొత్త పాటల జాబితాలో అది చేరుతుంది.

ఆదాయం విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి. 2024 నుంచి స్పాటిఫై, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కించడం లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ ఉండాలి.

తెలుగు పాటలకు మరో చిక్కు ఉంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి ఒక ‘ఏ’ పెట్టాలో రెండు పెట్టాలో, ఒత్తుకు ‘హెచ్’ చేర్చాలో వద్దో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. బ్యాండ్ పేరు ఒక పాటకు ఒకలా, మరో పాటకు మరొకలా పడితే ఆ వేదిక వాళ్లను ఇద్దరు కళాకారులుగా లెక్కిస్తుంది, వెతికినవారికి సగం పాటలే దొరుకుతాయి. మొదటి విడుదలకు ముందే ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, ప్రతిచోటా అదే వాడండి.

పాట హక్కులను ఎలా కాపాడుకోవాలి?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాయగానే, బాణీ కట్టగానే హక్కు పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదు కానీ వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యం మీదా సంగీతం మీదా హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. సాహిత్యం, సంగీతం, రికార్డింగ్ మూడూ వేర్వేరు ఆస్తులన్న సంగతి చాలా బ్యాండ్లు గమనించవు. పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, రికార్డింగ్‌లో ఎవరి వాటా ఎంత అన్నది పాట విడుదలకు ముందే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయండి. స్నేహం బాగున్న రోజుల్లోనే ఆ పని సులువుగా అవుతుంది.

ఆ తర్వాత రచయితా స్వరకర్తా ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ)లో సభ్యులుగా చేరాలి. 1969లో ఏర్పడిన ఆ సంస్థ సాహిత్య, సంగీత కర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసి పంచుతుంది. ఏదైనా కంపెనీ ఒప్పందం ఇస్తే జాగ్రత్తగా చదవండి. 2012 సవరణ తర్వాత సాహిత్య, సంగీత కర్తలు, కంపెనీతో సమానంగా పంచుకోవాల్సిన తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప వేరెవరికీ వదులుకోలేరు, అలా రాయించుకున్న షరతు చెల్లదు. అయినా అలాంటి షరతులు ఒప్పందాల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

రేడియో, పత్రికలు పట్టించుకుంటాయా?

వాణిజ్య ఎఫ్ఎంలలో చోటు దొరకడం కష్టం. కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి 90.4 మీద ప్రసారమయ్యే బోల్ హైదరాబాద్ వంటి కమ్యూనిటీ రేడియోను ముందు సంప్రదించండి. పత్రికల సిటీ పేజీలకు పాట విడుదలైందన్న వార్త చాలదు. పాతబస్తీ కుర్రాడు, కరీంనగర్ అమ్మాయి ఒకే బ్యాండ్‌లో ఎలా కలిశారో, పాట దేని గురించో చెప్పి, పెద్ద సైజు ఫోటో జతచేస్తే విలేకరికి రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

వాయించడం రాదు, డబ్బు పెట్టలేను. శ్రోతగా ఏం చేయగలను?

టికెట్ కొని సమయానికి రండి, సినిమాకు తప్ప ఎక్కడికీ రాని ఒకరిని వెంట తీసుకురండి. పరిచయం ఉంది కదా అని గెస్ట్ లిస్టులో పేరు వేయించుకోవద్దు. మొదట వాయించే బ్యాండ్‌ను కూడా వినండి. నచ్చిన పాట పేరు వాళ్లకే చెప్పండి.

ఇతర ఊళ్లకు ఎప్పుడు వెళ్లాలి?

స్నేహితులనూ బంధువులనూ లెక్కలోంచి తీసేసి, హైదరాబాద్‌లో వందమంది టికెట్ కొని వస్తున్నారని తేలాక వెళ్లండి. బెంగళూరు ఆకర్షణీయంగా కనిపించినా, తెలుగు పాటకు ముందుగా వరంగల్, విజయవాడ, విశాఖపట్నం మేలు. అక్కడ మాట అర్థమవుతుంది, పోటీ తక్కువ, కాలేజీలు ఎక్కువ. వరంగల్‌కు ఉదయం రైలెక్కి వెళ్లి, డ్రమ్స్, ఆంప్‌లు అక్కడే అద్దెకు తీసుకుని, వాయించి రాత్రికే తిరిగి రావచ్చు. ఆ ఊరి బ్యాండ్ ఒకదానిని అదే వేదిక మీద మీకు ముందు వాయించమని పిలవండి, వాళ్ల శ్రోతలు మిమ్మల్ని వింటారు. వాళ్లు హైదరాబాద్ వచ్చినప్పుడు మీ కార్యక్రమంలో వాళ్లకు అరగంట ఇవ్వండి.